గౌరి వైవా

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. వాటికి భయపడింది అంతకన్నా లేదు. నాకు భయమంటూ ఉంటే మా పీహెచ్‌డీ గైడు గారంటేనే ఉండేది. ఆయన నిక్షేపంగా బతికే ఉన్నారు.

నేను చదివింది కెమిస్ట్రీ. కొలతకు రానిదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని నేర్చుకున్నదాన్ని. మా రిసాలి వీధిలో ఎవరికైనా గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ అంటే, ముందు రక్తపరీక్ష చేయించండి, నిమ్మకాయలు తర్వాత కోసుకోవచ్చు అని కసిరేదాన్ని. ఇప్పుడు నేను చెప్పేది విని ఆ వీధివాళ్ళే నన్ను కసురుతారేమో. కసరనివ్వండి. చూసిందీ విన్నదీ మాత్రమే రాస్తాను. యూనివర్సిటీ పేరు రాయను, అక్కడి పెద్దల పేర్లూ రాయను. గౌరి పేరు మాత్రం రాస్తాను. రాయాల్సిన చోట వాళ్ళు రాయలేదు కాబట్టి.

మా నాన్న శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి స్టీల్ ప్లాంటులో పనికని భిలాయి వచ్చారు. నేను పుట్టింది సెక్టర్ 7 క్వార్టర్లో. నాన్న రిటైరయ్యాక రిసాలిలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. గౌరి వాళ్ళదీ మా వైపే. వాళ్ళ నాన్న కాంట్రాక్టు కూలీగా ఉంటూనే పోయాడు. తల్లి అప్పలనరసమ్మ పిన్ని మా మార్కెట్ మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకుని, ఉన్న ఒక్క కూతుర్నీ, ఆవిడ మాటలో ఒక్క గుంటనీ, ఎమ్మెస్సీ దాకా లాక్కొచ్చింది. నేనూ గౌరీ ఒకే గైడు కింద, ఒకే ల్యాబులో పరిశోధనకు చేరాం.

అంత పెద్ద డిపార్ట్‌మెంట్‌లో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. ఇక్కడ పుట్టిన మా వయసువాళ్ళకు తెలుగు కన్నా హిందీయే నోరు తిరుగుతుంది. నాదీ అదే తంతు. గౌరి మాత్రం వాళ్ళమ్మ నోట విన్న ఊరి తెలుగు ఉన్నదున్నట్టు మాట్లాడేది. భిలాయి తెలుగువాళ్ళకు ఒక పాడు అలవాటుంది. హిందీవాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ గురించే తెలుగులో మాట్లాడుకుంటాం. కూరగాయల బేరం దగ్గర, డాక్టరు ఎదురుగా, ఆఖరికి చావింట్లో కూడా. మేమూ అంతే. గైడు గారి ముందు చేతులు కట్టుకు నిలబడి, మొహాన వినయం పులుముకుని ఆయన్నే తిట్టుకునేవాళ్ళం.

"సూడే సుధా, సంతకం పెట్టమంటే ఈ బాబుకి సెయ్యి నొప్పి. సమోసా తియ్యమంటే నొప్పేటీ నేదు," అనేది గౌరి, మొహంలో గీత కూడా కదలనివ్వకుండా. నేను నవ్వు ఆపుకోలేక దగ్గు నటించేదాన్ని. ఏమంటోందని ఆయన అడిగితే, రీడింగుల సంగతి మాట్లాడుకుంటున్నాం సార్ అనేదాన్ని. ఆయన తలూపేవారు. అర్థం కాని భాష వింటే ఆయన తలూపి చిరునవ్వు నవ్వుతారు. తెలియదని ఒప్పుకోవడం ఆయన వంట్లో లేదు.

బయటివాళ్ళకు పీహెచ్‌డీ అంటే చదువనిపిస్తుంది. మా దగ్గర అది సగం చదువు, సగం వెట్టి. గైడు సంతకం లేనిదే థీసిస్ గడప దాటదు. ఆ సంతకం కోసం స్కాలర్లు ఆయన కారు సర్వీసింగుకిస్తారు, గ్యాస్ బండ మోస్తారు, వాళ్ళ అత్తగారిని కంటి డాక్టరుకి చూపిస్తారు. చెయ్యమని ఎవరూ గట్టిగా అనరు. చెయ్యకపోతే ఏమవుతుందో కూడా అనరు. మంచి మాస్టార్లు లేరా అంటే ఉన్నారు, పక్క గదిలోనే ఉన్నారు. మా సంగతి వాళ్ళకు బాగా తెలుసు. మేం కనపడితే తలుపు దగ్గరగా వేసుకునేవారు.

గౌరి పని వరిమళ్ళ మీద. ఉక్కు తయారైనప్పుడు మిగిలిపోయే స్లాగ్‌ని పొడి చేసి పొలంలో చల్లితే, అందులోని సిలికా వల్ల వరి దుబ్బు గట్టిపడి గాలికి పడిపోకుండా నిలబడుతుందా అన్నది చూడాలి. అందుకోసం దుర్గ్ చుట్టుపక్కల పల్లెలన్నీ స్కూటీ మీద తిరిగింది. తోడుగా చాలాసార్లు నేనూ వెళ్ళాను. మోకాలి దాకా బురదలో దిగి మట్టి తవ్వుకుని, సంచుల్లో నింపి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకునేవాళ్ళం.

ఒక పల్లెలో వాగు పక్కన ఒక మడి ఉండేది. ఆ మడి మట్టిలో సిలికా మిగతా అన్నిచోట్ల కన్నా బోలెడు ఎక్కువ వచ్చింది. గ్రాఫు చూస్తే కన్నులపండుగే. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. గౌరి గంతులెయ్యలేదు. మిగిలిన మట్టిని మళ్ళీ జల్లెడ పట్టింది. సన్నటి బొగ్గు ముక్కలు తేలాయి. ఇద్దరం మళ్ళీ ఆ పల్లెకు పోయి అడిగాం. పైరుకు పురుగు పట్టిందని ఆ ఇంటావిడ పొయ్యిలోని ఊక బూడిద తెచ్చి మడంతా చల్లిందట, మేం మట్టి తీసే ముందురోజే. ఊక బూడిదలో సిలికా దండిగా ఉంటుంది. అంటే ఆ లెక్కలో స్లాగ్ గొప్పతనం ఏమీ లేదు. గౌరి ఆ మడిని మొత్తంగా తీసేసింది.

గైడు గారు దాన్ని ఉంచమన్నారు. పెద్ద జర్నల్లో పేపరు పడాలంటే ఆ ఒక్క మడే కావాలన్నారు. గౌరి బూడిద సంగతి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. అది ఫీల్డులో మామూలే, ఎవరు చూడొచ్చారు అన్నారు. ఆమె కుదరదంది. అదీ తగువు. ఆ రోజు నుంచి ఆమె ఫైలు ఆయన బల్ల మీద కదలకుండా కూర్చుంది. నెలలు గడిచాయి. వెళ్ళిన ప్రతిసారీ తర్వాత చూద్దాం అనేవారు.

అంతలో ఆయన కూతురి పెళ్ళి వచ్చింది. సార్ ఇంట్లో పెళ్ళంటే మాకు డిపార్ట్‌మెంట్ బంద్. శుభలేఖలు స్కాలర్లే పంచాలి. నెహ్రూ నగర్ వైపు ఇళ్ళు గౌరికి అప్పజెప్పారు. పెళ్ళి కానీ, కూర్చుని నీ ఫైలు చూసేద్దాం అన్నారట. ఆ మాట నాకు చెబుతూ ఎంత సంబరపడిందో.

ఆ మధ్యాహ్నమే పెద్ద రోడ్డు మీద ట్రైలర్ లారీ ఆమె స్కూటీని గుద్దేసింది. నేను వెళ్ళేసరికి రోడ్డు మీద బంగారు అంచు శుభలేఖలు చెల్లాచెదురుగా పడున్నాయి. జనం వాటిని తొక్కుకుంటూ నిలబడి చూస్తున్నారు. గౌరిని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఆసుపత్రిలో ఉంచిందీ లేదు, మాట్లాడిందీ లేదు.

సొంత పని మీద వెళ్ళింది అని డిపార్ట్‌మెంట్ చెప్పుకుంది. సంతాప సభ పెట్టి మౌనం పాటించారు. పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. వెళ్ళకపోతే సార్ ఏమనుకుంటారోనని స్కాలర్లందరూ వెళ్ళి భోజనం చేసొచ్చారు. నేను వెళ్ళలేదు. నా ఫైలు కూడా ఆ బల్ల మీదే ఉందని తెలిసీ వెళ్ళలేదు.

ఏడాది తిరిగాక ఒక సెమినార్ జరిగింది. గైడు గారి మేనల్లుడు తన థీసిస్ సమర్పించే ముందు అందరికీ చూపించాలి. సొంత మేనల్లుడికి గైడుగా ఉండకూడదని రూలుంది కాబట్టి కాగితం మీద వేరే పేరు, నడిపించేదంతా ఈయనే. మొదటి స్లైడు పడింది. వరిమళ్ళు, స్లాగ్, సిలికా. గట్టు మీద స్కేలు పట్టుకున్న ఒక చెయ్యి ఫోటోలో ఉంది. ఆ చెయ్యి గౌరిది. ఆ ఫోటో తీసింది నేను. వాగు పక్క మడి కూడా అందులో ఉంది, గ్రాఫులో అన్నిటికన్నా పైన. బూడిదతో సహా మళ్ళీ తెచ్చిపెట్టారు.

ఇంటికెళ్ళి నాన్నతో చెప్పాను.

"ఊరుకోయే తల్లీ. పెద్దోలతోటి మనకెందుకు? నీ సదువు అయిపోనీ ముందు," అన్నారు. ఆయన జీవితమంతా ప్లాంటులో అలాగే నెట్టుకొచ్చారు. తప్పు పట్టలేను.

తర్వాత అప్పలనరసమ్మ పిన్ని దగ్గరికెళ్ళాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, ఉండలేకపోయాను. ఆవిడకు థీసిస్ అంటే ఏమిటో తెలియదు. కూతురు రాసిన పుస్తకం ఇంకొకరి పేరుతో వస్తోందని మాత్రం అర్థమైంది.

"దాని పేరు ఎక్కడా ఉండదేటమ్మా? సివర్నయినా?" అని అడిగింది.

ఉండేలా చూస్తాను పిన్నీ అన్నాను. ఎలా చూస్తానో నాకే తెలియదు. ఒక్కటే దారి కనపడింది. పీహెచ్‌డీ ఆఖర్న వైవా ఉంటుంది. వేరే యూనివర్సిటీ నుంచి ఒక పరీక్షకుడు వచ్చి, అందరి ఎదుటా ప్రశ్నలు వేస్తాడు. అది బహిరంగ సభ, ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఆ రోజు ఆ పెద్దమనిషి ముందు లేచి, ఈ పని గౌరిది అని చెప్పేద్దామనుకున్నాను. చెప్పిన మరుక్షణం నా పీహెచ్‌డీకి తద్దినం పెట్టేస్తారు. పెడితే పెట్టనీ అనుకున్నాను.

వైవా పగలు, భోజనాలకు ముందు. సెమినార్ హాలు నిండా ఎండ. గాలి సోకడానికి అనువైన చోటేమీ కాదు. మా దగ్గర వైవా ఫలితం ముందే తెలిసిపోయి ఉంటుంది. అందుకే ప్రశ్నలు మొదలవకముందే కాజూ కత్లీ డబ్బాలు వెనక బల్ల మీద పేర్చి ఉంటాయి. మేనల్లుడి తల్లిదండ్రులు కొత్త బట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. పరీక్షకుడిగా వచ్చినాయన విశాఖ వైపు నుంచి వచ్చిన పెద్దాయన. మెత్తటి మనిషి, ఎవరినీ ఇబ్బంది పెట్టరని పేరు. అందుకే పిలిపించుకున్నారు. ఆయన తెలుగువారన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. ఎందుకు పడుతుంది?

కుర్రాడు బట్టీ పట్టినట్టు ఇంగ్లీషులో అప్పజెప్పాడు. నిజం చెప్పాలంటే వాడు చెడ్డవాడు కాదు. మామయ్య చెప్పినట్టు చేసే రకం. నన్ను దీదీ అనేవాడు. వాడికి నమస్కారం అనేంత తెలుగు కూడా రాదు. రాయపూర్ హాస్టళ్ళలో పెరిగాడు.

పెద్దాయన గ్రాఫు చూపించి, ఈ ఒక్క మడి ఇంత పైకెందుకు పోయింది అని ఇంగ్లీషులో అడిగారు. కుర్రాడు మంచినీళ్ళు తాగాడు. మామయ్య వైపు చూశాడు. గైడు గారు కల్పించుకుని, ఫీల్డులో ఇలాంటివి మామూలే సార్ అన్నారు. అతన్నే చెప్పనివ్వండి అన్నారు పెద్దాయన.

ఇదే సమయమనుకుని నేను లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. ఇంకా నోరు తెరవలేదు. ఆ కుర్రాడు గ్లాసు కింద పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"అదేటంటే సార్, ఆ మడి లెక్క నమ్మకండి. అది నాను తీసీసినాను."

ఒళ్ళు జలదరించడం అని చదవడమే తప్ప నాకెప్పుడూ జరగలేదు. అప్పుడు జరిగింది. గొంతు మారలేదు. కళ్ళు తేలెయ్యలేదు. మగపిల్లాడి గొంతే, ఆ కుర్రాడి గొంతే. మాట మాత్రం రిసాలి మార్కెట్ మొదట్లో ఇడ్లీ బండి దగ్గర వినపడే మాట.

పెద్దాయన కళ్ళజోడు తీశారు. "ఏమన్నావు?" అన్నారు తెలుగులో. ఆయనకు తెలియకుండానే వచ్చేసినట్టుంది.

"ఊక బూడిద కలిసిపోనాదండి అందులో. పురుగు పట్టిందని ఆ ఇంటామె ముందురోజే సల్లీసింది. జల్లెడ పడితే బొగ్గు ముక్కలు తేలినాయి. బూడిదలోనూ సిలికా ఉంటాది కదా సార్. మరింక స్లాగ్ గొప్పేటి?"

నేను కూర్చుండిపోయాను.

తర్వాత జరిగిందంతా తెలుగులోనే. పెద్దాయన ఒకటి తర్వాత ఒకటి అడుగుతూ పోయారు. మట్టి ఎంత లోతు నుంచి తీశావు, వానలు ఆలస్యమైన ఏడు ఏం చేశావు, గట్టి నేలలో ఎందుకు పని చెయ్యలేదు. అన్నిటికీ జవాబులొచ్చాయి. తడుముకోలేదు. నీళ్ళ గ్లాసు పెట్టిన చోట తడిలో వేలు ముంచి బల్ల మీద మళ్ళ పటం గీస్తూ చెప్పాడు. వాగు ఇటు, గట్టు అటు, ఆవిడ ఇల్లు ఇక్కడ. ఆ కుర్రాడు ఆ పల్లె మొహం చూసినవాడు కాదు. నేను వెళ్ళాను కాబట్టి చెబుతున్నాను, పటం సరిగ్గా ఉంది.

గైడు గారు పక్కనే కూర్చుని తలూపుతున్నారు. చిరునవ్వు నవ్వుతున్నారు.

పెద్దాయన ఆఖర్న, "తీసేసిన లెక్క మళ్ళీ ఎవరు పెట్టారు?" అని అడిగారు.

కుర్రాడు మెల్లగా మామయ్య వైపు తిరిగాడు. "ఆ బాబే పెట్టినాడు సార్. నవ్వుతున్నాడు సూడండి."

గైడు గారు ఇంకా పెద్దగా నవ్వి మళ్ళీ తలూపారు.

పెద్దాయన ముందున్న థీసిస్ మూసి పక్కన పెట్టారు. "ఇంకేమైనా చెప్పాలా అమ్మా?" అన్నారు. అమ్మా అన్నారు. నేను విన్నాను.

"సెప్పడానికేటి నేదు సార్. నా రిజల్టు సెప్పీండి. సేన్నాళ్ళయి సూస్తన్నాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత చాలా నెమ్మదిగా, "పాసయ్యావు తల్లీ," అన్నారు.

కుర్రాడు కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు లేచి, "అరే వాహ్! ఎక్స్‌టర్నల్ సాహబ్ కే లియే తెలుగు సీఖ్ కే ఆయా హై!" అని చప్పట్లు కొట్టారు. పరీక్షకుడు తెలుగాయన కాబట్టి, ఆయన్ను మెప్పించడానికి కుర్రాడు తెలుగు నేర్చుకొచ్చాడట! అందరూ చప్పట్లు కొట్టారు. వాడి తల్లి కళ్ళు తుడుచుకుంది. వెనక కాజూ కత్లీ డబ్బాలు తెరుచుకున్నాయి.

నేను ముందుకు పరిగెత్తి బల్ల చూశాను. తడి గీతలు ఇంకా ఉన్నాయి. చూస్తుండగానే ఫ్యాను గాలికి ఆరిపోయాయి. అక్కడే నిలబడి గట్టిగా అరిచాను, ఇది గౌరి చేసిన పని, గౌరి పేరు రాయండి అని. ఇద్దరు స్కాలర్లు నా భుజాలు పట్టుకుని బయటకు తీసుకెళ్ళారు. స్నేహితురాలు పోయినప్పటి నుంచి అమ్మాయి మనసు బాగాలేదు అని గైడు గారు అందరికీ చెబుతున్నారు. ఆయన గొంతులో ఎంత జాలో!

బయట వాష్ బేసిన్ దగ్గర ఆ కుర్రాడు నోరు పుక్కిలిస్తున్నాడు. ఉమ్ముతున్నాడు, మళ్ళీ పుక్కిలిస్తున్నాడు. నన్ను చూసి హిందీలో అన్నాడు, దీదీ, నోరంతా బూడిద నమిలినట్టుంది, నేను సరిగ్గా చెప్పానా అని. ఏ భాషలో చెప్పావని అడిగాను. వింతగా చూశాడు. ఇంగ్లీషులోనే కదా అన్నాడు. వాడి కళ్ళలో అబద్ధం కనపడలేదు. హాల్లో తాను బూడిద గురించి మాట్లాడాడని అప్పటికి వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అర్థమైనవాళ్ళం ఇద్దరమే.

ఆ రెండో మనిషిని కారెక్కే ముందు పట్టుకున్నాను. భోజనం కూడా చెయ్యకుండా బయల్దేరుతున్నారు. సంతకం పెట్టేశారా అని అడిగాను. పెట్టానన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. విన్నారు కదా సార్, విని కూడా ఎలా పెట్టారు అని నిలదీశాను. గౌరి ఎవరో, ఎలా పోయిందో అంతా కక్కేశాను.

ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ఏం రాయమంటావమ్మా? చచ్చిపోయిన పిల్ల వచ్చి చెప్పిందని రాయనా? అంత బాగా చెప్పిన మనిషిని ఫెయిల్ అని ఎలా రాయను? నేను పాస్ చేసింది ఆ అమ్మాయినే. పైన పేరు ఎవరిదో వాళ్ళు ముందే అచ్చు వేసుకున్నారు."

వాగు పక్క మడిని తీసెయ్యాలని మాత్రం దిద్దుబాట్లలో రాశానన్నారు. తర్వాత ఆయనకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

నేను ఫిర్యాదు పెట్టాను. వైవా రికార్డింగు బయటపెట్టమన్నాను. ప్రశ్నల సమయంలో మైకు పనిచెయ్యలేదన్నారు. విచారణ కమిటీలో గైడు గారి స్నేహితులే కూర్చున్నారు. ఆధారం లేదని తేల్చారు. నా రిజిస్ట్రేషన్ గడువు దానంతటదే దాటిపోయింది. ఇప్పుడు రిసాలిలో ఇంటర్ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. నాన్న ఒక్క మాట కూడా అనలేదు.

లైబ్రరీలో ఆ థీసిస్ ఉంది. వెళ్ళి చూశాను. వాగు పక్క మడి లేదు. గౌరి ఎలా పెట్టిందో అచ్చం అలాగే ఉంది, ఒక్క అంకె తేడా లేకుండా. అట్ట మీద పేరు మాత్రం ఆ కుర్రాడిది. చచ్చి కూడా ఆమె వాడికి డాక్టరేట్ సంపాదించిపెట్టింది. దెయ్యాలుంటే పగ తీర్చుకుంటాయంటారు కదా. ఇదేం పగ? ఏ దెయ్యమైనా వచ్చి వైవా చెప్పి పోతుందా?

నాకు తోచిన కారణాలన్నీ వేసి చూసుకున్నాను. కుర్రాడు ఎక్కడో తెలుగు విన్నాడేమో, బూడిద సంగతి మామయ్య నోరుజారి చెప్పాడేమో, నా దుఃఖంలో నేనే ఏదో విన్నానేమో. ఒక్కొక్కటిగా చూస్తే నిలబడేలా ఉంటాయి. అన్నీ కలిపితే నిలబడవు. ఆ రోజు ఆ బల్ల దగ్గర మాట్లాడింది ఎవరో నాకు ఇవాళ్టికీ తెలియదు.

వైవా జరిగిన మర్నాడు అప్పలనరసమ్మ పిన్ని దగ్గరికెళ్ళాను. పేరు పెట్టించలేకపోయానని చెప్పడానికి వెళ్ళాను. బండి దగ్గర గిరాకీ లేదు. జరిగిందంతా చెప్పాను, మాట మాటా చెప్పాను. చట్నీ గిన్నె మీద మూత పెట్టి వింది. పిచ్చిదానివా అనలేదు. నమ్మనని అనలేదు.

"బాగా సెప్పిందేటి?" అని అడిగింది.

చాలా బాగా చెప్పింది పిన్నీ, ఒక్కచోట కూడా ఆగలేదు అన్నాను.

"ఆ పెద్దాయన పాసన్నాడా?"

అన్నారు, నా చెవులారా విన్నాను అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. కూతురు పోయినప్పుడు కూడా జనంలో ఏడవని మనిషి. బండి చక్రం పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నేను పక్కన కూర్చుని వీపు నిమురుతుంటే, చాలాసేపటికి నా వైపు తిరిగింది.

"పాసని ఎందుకు సెప్పీసినాడమ్మా ఆ బాబు? ఫెయిలని ఉంటే మళ్ళీ పరీచ్చకి వచ్చీది కదా నా గుంట."